వంతెన దాటిన నత్తకొంగలు

మా అమ్మకు చూపు పోయాక ఆమెకు కళ్లు నేనేనని చుట్టాలు మెచ్చుకునేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. కళ్లన్నాక చూసింది చూసినట్టు చెప్పాలి. నేను చెప్పలేదు. చెప్పకపోయింది ఒక్కసారే, ఆ ఒక్కసారికే మా అమ్మ పుట్టింటి తలుపు మూతపడింది.

అరవైల చివరి ఏళ్లవి. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున, వంతెనకు కాస్త దిగువగా, రెండు గదుల పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. నాన్న కోర్టులో బంట్రోతుగా చేస్తూ పోయాడు. నేను ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించే ఉద్యోగంలో కొత్తగా చేరాను. నాకప్పటికి ఇరవై రెండేళ్లు. ఇంట్లో ఇద్దరమే. ఏడాదికి సరిపడా బియ్యం మాత్రం అమ్మ పుట్టింటి నుంచే వచ్చేవి. ఆ ఊరు ఏటికి ఎగువన ఉంది. పాలకొండ బస్సెక్కి మధ్యలో దిగి, ఏటి వైపు మైలున్నర నడవాలి. అక్కడ అమ్మ తమ్ముడు, అంటే మా మావ, తన పొలంతో పాటు అమ్మ వాటా ఎకరంన్నర కూడా చేసేవాడు.

ఆ ఊరివాళ్లకు కొంగల పిచ్చి. ఊరి వెనక చింతతోపులో ఏటా నత్తకొంగలు గూళ్లు పెట్టేవి. బూడిదరంగు ఒళ్లు, నల్లటి రెక్కలు. ముక్కు మధ్యలో చిన్న సందు ఉంటుంది, ఎంత మూసినా మూసుకోదు. నత్తల్ని పట్టి గుల్లలోంచి లాగడానికి దేవుడు అలా పెట్టాడని అమ్మ చెప్పేది. తొలివానలకు వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్లిపోయేవి. వాటి మీద రాయి విసిరినవాణ్ణి ఆ ఊళ్లో ఎవరూ గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. పెళ్లిళ్లకు పంచాంగం చూసేవారు గానీ, విత్తనానికి మాత్రం కొంగల్నే చూసేవారు. అవి వచ్చి తోపులో వాలితే వాన వెనకాలే ఉందని నమ్మకం. అప్పుడే విత్తనాల పురి విప్పేవారు. గడ్డితాడు చుట్టలు చుట్టలుగా చుట్టి, లోపల ధాన్యం పోసి, పేడతో మెత్తి దాచిన గాదె అది. ఒకసారి విప్పారంటే ఆ విత్తనం నానాల్సిందే.

పెళ్లయి శ్రీకాకుళం వచ్చిన కొత్తలో అమ్మకు ఈ ఊళ్లో ఏదీ నచ్చలేదట. నీళ్లు నచ్చలేదు, ఇరుగుపొరుగు నచ్చలేదు, మా నాన్న కూడా పెద్దగా నచ్చలేదని ఆమే నవ్వుతూ చెప్పేది. ఒక పొద్దున్న బిందె పట్టుకుని ఏట్లోకి దిగితే ఇసుక మీద నత్తకొంగలు నిలబడి ఉన్నాయట. పుట్టింటివాళ్లే వచ్చినట్టు అక్కడే కూలబడి ఏడ్చేసిందట. అప్పుడు తెలిసింది ఆమెకు, తమ ఊరికి వచ్చే కొంగలు ముందు ఈ ఊరి మీదుగానే వస్తాయని.

పిట్టలకు పట్నం అంటే అడ్డం. పొగ, కరెంటు తీగలు, ఉండేలు పట్టుకున్న కుర్రాళ్లు. అందుకని అవి ఇళ్ల మీదుగా పోవు, ఏటిని పట్టుకుని పోతాయి. కళ్లేపల్లి దగ్గర సముద్రం వదిలి ఏట్లోకి వస్తే, ఇంత ఊరి నడుమ నుంచీ ఎవరి పెంకు మీదా నీడ పడకుండా వెళ్లి ఎగువ పొలాల్లో తేలతాయి. బజారుకెళ్లేవాడు బజారు చూస్తాడు, కచేరీకి వెళ్లేవాడు కచేరీ చూస్తాడు. తమ ఊరి మధ్య నుంచి ఇంకో ఊరి జనాభా రోజూ నడిచి వెళుతోందని ఎవరికీ తెలియదు. అందులోనూ ఒక్కో జాతికి ఒక్కో పద్ధతి. నీటికాకులు వంతెన కిందినుంచి, నీటికి బెత్తెడు ఎత్తున దూసుకుపోతాయి. తెల్లకొంగలు వంతెన దాకా వచ్చి, పిట్టగోడకు ఆనుకుని మనిషెవరైనా నిలబడి ఉంటే వెనక్కి మళ్లి, ఒక చుట్టు తిరిగి మళ్లీ వస్తాయి. నత్తకొంగలు వంతెనకు బాగా ఎత్తు నుంచి, ఎవరితోనూ పని లేనట్టు దాటిపోతాయి. ఇదంతా అమ్మే నేర్పింది. బడిలో నేను పిల్లలకు చెప్పింది దీనికంటే తక్కువే.

ముఖ్యంగా మెడ గురించి నేర్పింది. తెల్లకొంగ ఎగిరితే మెడ ముడుచుకుంటుంది, నత్తకొంగ మెడ చాచి ఎగురుతుంది. ఎంత దూరాన ఉన్నా, ఎండ కళ్లల్లో పడుతున్నా, మెడ చూస్తే చాలు. చిన్నప్పుడు నేను పొరపడితే నెత్తిమీద మొట్టేది.

ఎప్పుడు మొదలైందో గానీ, అమ్మకూ మావకూ మధ్య ఒక ఏర్పాటు ఉండేది. నత్తకొంగలు వచ్చాక మూడు నాలుగు రోజులు వంతెన దిగువన ఇసుక తిప్పల మీద ఆగేవి. తరువాత ఒక పొద్దున్న లేచి, వంతెన దాటి, ఎగువకు పోయేవి. దాటిన మూడో రోజుకు మా మావ ఊళ్లో వాలేవి. ఆ మూడు రోజుల ముందు కబురే మావకు కావలసింది. విత్తనం నానబెట్టి, మండె కట్టి, అంటే గడ్డి కప్పి మొలక తెప్పించడానికి సరిగ్గా మూడు రోజులు పడుతుంది. కొంగ వాలిన మర్నాటికి మొలక చల్లడానికి సిద్ధంగా ఉండేది. ఊళ్లో అందరికంటే ముందు మావ ఆకుమడే, అంటే నారు పోసే మడే, పచ్చబడేది. అతను దానికి గర్వపడేవాడు, అమ్మ ఇంకా ఎక్కువ గర్వపడేది.

కబురు నోటితో పంపకూడదు. నోటితో చెబితే కొంగలు వెనక్కి మళ్లుతాయని అమ్మ నమ్మకం. చిన్న గుడ్డముక్కలో మూడు చిటికెల పసుపు బియ్యం వేసి, మూడు ముళ్లు వేసి, పొద్దున్నే ఆ ఊరి పక్కనుంచి కూరలు తెచ్చే ఆవిడ చేతికి ఇచ్చేది. ఆవిడ మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్లి మావకు అందించేది. పసుపు ముడి చూశాక అతను ఇంకేమీ అడిగేవాడు కాదు. మర్నాడు తలస్నానం చేసి పురి విప్పేవాడు.

వంతెన దాటితేనే ముడి. అదొక్కటే నిబంధన. దిగువన ఎన్ని రోజులు నిలబడ్డా, ఎన్ని నిలబడ్డా, అది లెక్కలోకి రాదు. దాటడం ఎప్పుడూ పొద్దున్నే కాబట్టి చూడడమూ పొద్దున్నే. సాయంత్రం ఏటి వైపు చూడాలని మా ఇంట్లో ఎవరికీ, ఎన్నడూ అవసరం పడలేదు.

నాకు పద్దెనిమిదో ఏడు వచ్చేసరికి అమ్మ కళ్లకు మసక మొదలైంది. రెండేళ్లలో చీకటైపోయింది. విశాఖపట్నం తీసుకెళ్లి చూపించాను. నరం ఎండిపోయింది, ఇంక రాదన్నారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో అమ్మ ఒక్కటే అడిగింది, "ఇంక కొంగల్ని నువ్వే సూడాలి గావాల?" అని. చూస్తానన్నాను. ఆ రోజు నుంచి పొద్దున్నే అరుగు మీద ఏటి వైపు తిరిగి కూర్చునేది, నన్ను పక్కన నిలబెట్టుకునేది.

తరువాత రెండేళ్లు వానలు సరిగ్గా పడలేదు. మొదటి ఏడు ఊడ్చిన నారు ఎండిపోయింది. రెండో ఏడు సగానికి సగం తాలే. ఆ వేసవిలో మావ అరబస్తా బియ్యం భుజాన పెట్టుకుని వచ్చాడు. ఆ బస్తా చూస్తేనే తెలిసింది, అదే ఆఖరిదని. మనిషి సగమైపోయాడు. అరుగు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు, చెమట లేకపోయినా.

"అప్పా, పురి ఒక్కటే మిగిలింది," అన్నాడు అక్కతో. "పిల్లలు ఆకలని ఏడుస్తన్నారు, అయినా నాను దాన్ని ముట్టనియ్యనేదు. అది మొలిసి ఆకైతే ఊళ్లో ఉంటాను. నేకపోతే ఎడ్లనమ్మీసి ఖరగ్‌పూర్ ఎల్లిపోతాను. మనోళ్లు ఉన్నారక్కడ."

"నాన్న కట్టిన ఇంటికి తాళమేస్తావేట్రా?"

"మరేటి సెయ్యమంటావు? ఇత్తనం ఇంకెవల దగ్గరుంది? ఊరంతా తినీసినారు."

అమ్మ చెయ్యి చాచింది. అతని మోకాలు వెతికి పట్టుకుంది. "తొందరపడకు. నా ముడి వస్తేనే ఇప్పు. రాకపోతే ఇప్పకు. ఇంటన్నావా?"

"నీ ముడి సూసే ఇప్పుతానప్పా," అన్నాడు మావ. భోజనం చేసి వెళ్లమంటే ఆకలి లేదని వెళ్లిపోయాడు. మాకు తెచ్చిన బియ్యంలో తను తినడం ఇష్టం లేదు, అంతే.

మృగశిర కార్తె వచ్చింది. ఆకాశం సున్నం వేసిన గోడలా ఉండిపోయింది. నాగావళి ఒక చాలుగా పారి, తరువాత గుంటలుగా విడిపోయింది. ఊరు ఊరంతా చెలమలు తవ్వుకుని నీళ్లు తోడుకుంటోంది. పొద్దున్న లేస్తూనే అమ్మ అడిగేది.

"వొచ్చినాయేటే గుంటా?"

"నేదమ్మా."

"సరిగ్గా సూసినావా?"

"సూసినానే. నాకు కళ్లున్నాయి."

ఆ మాట అన్నాక నాకే సిగ్గేసేది, అయినా మర్నాడు మళ్లీ అలాగే అనేదాన్ని. అమ్మ తన కంచంలో అన్నం తగ్గించుకుంటోందని నాకు తెలుసు. నాకు పెట్టేటప్పుడు గరిటె గీసిన చప్పుడు నిండుగా, తనకు పెట్టుకునేటప్పుడు బోలుగా వినిపించేది. నేను కసురుకునేదాన్ని. గుడ్డిదాన్ని, ఊరికే కూర్చున్నాను, నాకెంత కావాలని అనేది. నాకు కోపం ఎవరి మీద వస్తోందో నాకే తెలిసేది కాదు. కొంగల మీద వచ్చేది. ఆ బూడిదరంగు పిట్టలకు మా కంచంతో ఏం సంబంధమని తిట్టుకునేదాన్ని.

ఆరుద్ర సగం గడిచాక అవి వచ్చాయి. వంతెన దిగువ తిప్ప మీద ముందు పది, మర్నాటికి ఇరవై. వాన చుక్క లేదు, చల్లగాలి లేదు. అయినా వచ్చాయి. అమ్మకు చెబితే నోరు మూసుకోమంది. "దాటనీ," అంది. ఆ నాలుగు రోజులు ఆమె అరుగు దిగలేదు. నేను తల దువ్వుకుంటూ కూడా ఏటినే చూస్తుండేదాన్ని.

అయిదో రోజు పొద్దున్న, బడికి జడ వేసుకుంటున్నాను. తిప్ప మీద అలజడైంది. ఒకటి లేచింది, దాని వెనక రెండు, తరువాత అన్నీ. మా ఇంటి ముందు నుంచి ఎగువకు సాగాయి. అమ్మ లేచి నిలబడిపోయింది.

"ఎన్నున్నాయే?"

"ముప్పై ఉంటాయి."

"మెడ?"

"సాపే ఉన్నాయమ్మా, అన్నీ."

"వంతెనో?"

నేను జడ వదిలేసి వీధిలోకి పరుగెత్తాను. వంతెన మీద ఎడ్లబండ్లు పోతున్నాయి. వాటి పైనుంచి, చాలా ఎత్తులో, ఒక్కొక్కటే అవతలికి జారిపోయాయి. ఆఖరిది కనిపించకుండా పోయేదాకా చూశాను.

"దాటీసినాయి!" అని అక్కడినుంచే అరిచాను. అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, ఏటికో కొంగలకో నాకు తెలియదు. చూడకుండానే డబ్బాలోంచి బియ్యం తీసి, పసుపు కలిపి, గుడ్డలో వేసి మూడు ముళ్లు వేసింది. నేను సాయం పడతానంటే నా చెయ్యి తోసేసింది. కూరలావిడ వచ్చి ఆ పసుపు గుడ్డ చూసి ఒక్క మాటా అనకుండా నవ్వి, రొంటిన దోపుకుంది. ఆ రోజు బడిలో పిల్లలు ఎంత అల్లరి చేసినా నేను ఎవర్నీ కొట్టలేదు.

సాయంత్రం నీళ్లకు ఏట్లోకి దిగాను. చెలమలో నీరు ఊరేదాకా ఆగాలి కాబట్టి ఇసుక మీద చతికిలబడి కూర్చున్నాను. తల మీద నీడలు కదిలాయి. తలెత్తి చూస్తే ఎగువ నుంచి నత్తకొంగలు వస్తున్నాయి. వంతెన మీదుగా, పొద్దుటి కంటే బాగా కిందుగా. రెక్కల చప్పుడు గుడ్డ దులిపినట్టు వినిపించింది. మెడలు చాచి ఉన్నాయి. లెక్కపెట్టాను. ముప్పై రెండు.

అవి తిప్ప మీద వాలలేదు. ఇంకా దిగువకు, ఊరి మురుగుకాలువ ఏట్లో కలిసే చోట దిగాయి. ఏరు ఎండినా ఆ కాలువ ఎండదు. ఊళ్లో వాళ్లు కడిగిందీ, తోమిందీ, పారబోసిందీ అంతా నల్లటి బురదగా అక్కడ చేరుతుంది. ఆ బురదలో నత్తలున్నాయి. కొంగలు వరసగా నిలబడి ముక్కులు ముంచి తింటున్నాయి. సముద్రం పక్క మడుగులు ఎండిపోయి, ఎగువ చెరువులు ఎండిపోయి, వాటికి మిగిలింది మా ఊరి మురుగేనని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను. ఆ సాయంత్రం నాకు అర్థమైంది ఒక్కటే. వాన వాసన పట్టి దాటినవైతే అవి తిరిగి రావు.

బిందె ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చాను. చెప్పాలనే వచ్చాను. బిందె దించి నిలబడ్డాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. చూపు పోయాక ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లడం మానేసింది. ఆ రోజు తనే పప్పు ఎసట్లో పడేసి, చింతపండు పిసుకుతోంది.

"ఎల్లుండికి మనూరి తోపులో వాల్తాయే," అంది, నా అడుగులు విని. "ఒలమ్మ, నాను సిన్నప్పుడు ఆ సెట్ల కిందే ఆడుకునీదాన్ని. ఈపు మీద రెట్టేస్తే అదురుస్టమని కడుక్కోనిచ్చీది కాదు మాయమ్మ."

నవ్వుతోంది. కంచంలో నిండుగా అన్నం పెట్టుకుంది. ఎన్ని నెలల తరువాతో ఆమె పళ్లు చూశాను. నేను చెప్పలేదు.

ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రావాలని లేదు. ఆ సాయంత్రం లెక్క అంతా సరిగ్గానే వేసుకున్నాను. ముడి అప్పటికే మావకు అంది ఉంటుంది. కానీ అతను తెల్లారి తలస్నానం చేసి, ఎడ్లకు మేత వేసి, అప్పుడు గానీ పురి విప్పడు. పాలకొండ వైపు మొదటి బస్సు తెల్లవారగానే ఉంది. దిగి పరుగెత్తితే అందుకోగలను. ఇదంతా నాకు తెలుసు. పొద్దున్న లేచాను, ముఖం కడుక్కున్నాను, బస్సు వంతెన ఎక్కి హారన్ కొట్టడం విన్నాను. ఈ పొద్దున్న వెళితే కొంగలు ఇంక రావేమో, నిన్న సాయంత్రం ఆఖరిసారి వచ్చాయేమో, అనుకున్నాను. అమ్మ ముఖం ఇంకొక్క రోజు అలా ఉండనీ అని కూడా అనుకున్నాను. ఆ ఒక్క రోజుకు ఖరీదు ఏమిటో తెలియనంత చిన్నపిల్లను కాను.

కొంగలు ఆ పొద్దున్న కూడా దాటాయి. ఆ సాయంత్రం కూడా తిరిగొచ్చాయి. మూడో రోజూ అంతే. పొద్దున్నే ఎగువ గుంటల్లో ఏమైనా దొరుకుతుందేమోనని వెళ్లడం, దొరక్క ఊరి మురుగు దగ్గరికి రావడం, అవతలి ఒడ్డు తుమ్మల మీద పడుకోవడం. కొలువుకు వెళ్లొచ్చినట్టు వెళ్లొస్తున్నాయి. పొద్దున్న దాటినప్పుడల్లా అమ్మ, "ఇంకో గుంపు! సూడే, ఈ ఏడు ఎన్నొస్తన్నాయో," అని మురిసిపోయేది. అవే కొంగలని నేను అనలేదు. మూడో సాయంత్రానికి ఇంక అనుమానం లేదు, అప్పటికి విత్తనం నాని మొలక పట్టి ఉంటుంది కాబట్టి చెప్పి లాభమూ లేదు.

ఆదివారం అమ్మ నన్ను ఊరికి పంపింది, ఆకుమడి చూసి రమ్మని. మావ నూతి దగ్గర ఏతాం తొక్కుతున్నాడు. నన్ను చూసి అక్కడినుంచే కేకేశాడు.

"ఒసే కోడలా! రా, మీయమ్మ సేసిన పని సూసెల్లు."

మడిలో రెండు వేళ్ల ఎత్తున లేతపచ్చగా మొలక లేచింది. చుట్టూ మైళ్ల దూరం ఎర్రమట్టి, మధ్యలో చాపంత పచ్చదనం. ఊళ్లో వాళ్లు వచ్చి గట్టు మీద కూర్చుని చూసి వెళుతున్నారట. మావ ఒళ్లు చెమటతో మెరుస్తోంది.

"పిట్టలింకా వాల్లేదు గాని, వస్తాయి. నూతిలో నీరు ఇంకో పదిరోజులకి సాల్తాది. ఈలోగా వాన పడిపోదేటి?" అని, నా వైపు తిరిగాడు. "ఊళ్లోంచి దాటతన్నాయా ఇంకా?"

"దాటతన్నాయి మావా," అన్నాను. అబద్ధం కాదు. అంతకంటే నీచమైనది, దానికి పేరు నాకు తెలియదు. అత్త గంజిలో ఉప్పు వేసి ఇచ్చింది. పిల్లలు నా గ్లాసు వంక చూస్తుంటే సగం వాళ్లకు పోసి వచ్చేశాను. తోపులో చింతచెట్లు ఖాళీగా ఉన్నాయి. గూడు కట్టడానికి ఒక్క పుల్ల కూడా ఏ కొంగా తేలేదు.

నూతి నీరు పదిరోజులు రాలేదు. ఏడో రోజుకే చేద అడుగున బురద తగిలిందట. పునర్వసు వెళ్లింది, పుష్యమి వెళ్లింది. ఆకు ఎర్రబడి, కొసలు మాడి, చివరికి చేత్తో నలిపితే పొడి అయిందని కూరలావిడ చెప్పింది. మావ మడిలోకి మేకల్ని తోలేశాడు. ఎడ్లను గజపతినగరం సంతకు తోలుకెళ్లాడు. అత్తనూ పిల్లల్నీ పాతపట్నం వైపు ఆమె పుట్టింట్లో దింపేశాడు. ఇదంతా ముక్కలు ముక్కలుగా మాకు తెలుస్తూ వచ్చింది. ప్రతి ముక్క విన్నాక అమ్మ, "ఊఁ," అనేది. నన్ను మాత్రం ఏమీ అడిగేది కాదు. పొద్దున్నే అరుగు మీద కూర్చునేది, సాయంత్రమూ కూర్చునేది.

ఆశ్లేషలో ఒక రోజు మావ వచ్చాడు. భుజాన ట్రంకుపెట్టె, చేతిలో చిన్న మూట. ఆమదాలవలసలో రైలెక్కాలి. మూట అమ్మ చేతిలో పెట్టాడు.

"మడిలో సల్లగా కొంత మిగిలిపోయింది అప్పా. మొలకొచ్చీసిన ఇత్తనం, మళ్లీ దాయడానికి పనికిరాదు. ఎండబెట్టి దంపించినాను. నూకలైపోయినాయి. ఉడికించుకోండి."

నేను వండాను. ముగ్గురం తిన్నాం. మొలకెత్తిన బియ్యానికి ఒకలాంటి చప్పటి తీపి ఉంటుంది, తింటున్నంతసేపూ అది తెలుస్తూనే ఉంది. అమ్మ ప్రతి మెతుకూ వేళ్లతో వెతుక్కుని తింది. మావ చెయ్యి కడుక్కొచ్చి, తాళంచెవి అమ్మ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"ఇల్లు నీదీను. నీ దగ్గరుండనీ."

"నా ముడి వల్లే కదరా," అంది అమ్మ.

"నీ తప్పేటుందప్పా. నువ్వు ఎప్పుడైనా తప్పు కబురెట్టినావేటి? ఈ ఏడు పిట్టలే దారి మరిసిపోయినాయి." నా తల నిమిరాడు. "కోడలా, అమ్మని సూసుకో."

అప్పుడైనా చెప్పవలసింది. అతని ముందు, ఆ చెయ్యి నా తల మీద ఉండగానే. నోరు తెరిచాను కూడా. "జాగ్రత్త మావా," అని మాత్రం వచ్చింది. అతను ట్రంకు ఎత్తుకుని వంతెన మీదుగా బస్సుల వైపు నడిచి వెళ్లాడు. అమ్మ అడగలేదు గానీ, కనుమరుగయ్యేదాకా చూసి చెప్పాను, దాటిపోయాడని.

వాన పుబ్బ కార్తెలో పడింది. రెండు రోజులు ఆగకుండా పడింది. మూడో రోజుకు నాగావళిలో ఎర్రనీళ్లు వచ్చాయి. మురుగుకాలువ నోరు, ఇసుక తిప్ప, మా చెలమలు అన్నీ మునిగిపోయాయి. ఆ పొద్దున్న నత్తకొంగలు తుమ్మల మీద నుంచి లేచి, మెడలు చాచి, వంతెన దాటి ఎగువకు వెళ్లాయి. నేను అరుగు మీదే ఉన్నాను.

"అమ్మా, దాటినాయి," అన్నాను.

"ఊఁ," అంది. కూరలావిడ వచ్చి, బుట్ట దించి, అలవాటుగా అమ్మ చేతుల వైపు చూసింది. అమ్మ చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. ఆవిడ వంకాయలు ఇచ్చి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ అరుగు మీద, తల ఒక పక్కకు వంచి కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఏటి హోరు తప్ప ఇంకేమీ లేదు. వంతెన మీద బండ్లు పోయాయి, గేదెలు ఇంటికి వచ్చాయి, పక్కింట్లో దీపం పెట్టారు. అమ్మ ఒక నిట్టూర్పు విడిచింది.

"ఈసారి తిరిగి రానేదు," అంది.

నేను ఆమె వైపు తిరిగాను. "ఈసారంటే?" అన్నాను.

"అప్పుడు వొచ్చినాయి కదే. ముడి పంపిన సాయంత్రం వొచ్చినాయి, మర్నాడొచ్చినాయి, రోజూ వొచ్చినాయి. రెక్కల సప్పుడు నాకినబడదేటి? సూపు పోయింది గాని సెవులు పోనేదు."

"మరెందుకు సెప్పనేదమ్మా?" అని అడిగాను.

"నువ్వు సెప్తావని సూసినాను. బిందె దించి గుమ్మంలో ఎంతసేపు నిలబడిపోయినావో ఇన్నాను. ఇప్పుడు సెప్తాది, ఇప్పుడు సెప్తాది అనుకుని నోటికొచ్చిందల్లా మాటాడినాను. నువ్వు సెప్పనేదు. కళ్లున్నది సెప్పనేదంటే నాకే తప్పుగా ఇనబడిందేమో అనుకున్నాను." కొంగు సర్దుకుని, "అలాగనుకోడమే బాగున్నాది," అంది.

నాకు ఏడుపు రాలేదు. ఏడిస్తే ఆమె ఓదార్చాలి, ఆ పని కూడా ఆమె చేతే చేయించడానికి మనసొప్పలేదు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర, ఒకే పప్పు తింటూ, మొదటి బస్సు వెళ్లిపోయేదాకా ఒకరి కోసం ఒకరం ఊరుకున్నాం. ఆ ఊరుకోవడానికి మా మావ పురి ఖాళీ అయింది.

అమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. ఒంటివేడికి వెచ్చగా ఉంది. "తుప్పట్టకుండా నూనె రాసి ఎక్కడేనా పెట్టు," అని, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లింది.

మర్నాటి నుంచి ఆమె అరుగు మీద కూర్చోలేదు. మంచం వెనక గదిలో, ఏటికి దూరంగా వేయించుకుంది. నేను మాత్రం ఆ తరువాత ఏళ్ల తరబడి, పొద్దున్నా చూశాను, సాయంత్రమూ చూశాను. ఎన్ని వెళ్లాయో, ఎన్ని తిరిగొచ్చాయో ఒక్కటీ పొల్లుపోకుండా లెక్కపెట్టాను. వచ్చాయా అని మా ఇంట్లో మళ్లీ ఎవరూ అడగలేదు.